రక్తములోని క్రొవ్వును తగ్గించు ప్రతిరక్షకములు

గుండెపోటు పట్టణవాసుల వ్యాధియని మన పెద్దలు ఒకప్పుడు అనుకొనెడివారు. ఇప్పుడా మాట చెల్లదు. పొలము నుండి వచ్చి, అరుగుమీద కూర్చుండి మంచినీళ్లడిగి, అవి తెచ్చులోపలనే ఒరిగిపోయినవారి సంగతి ఊరూరను వినవచ్చుచున్నది. పరీక్ష చేయించుకొని వచ్చినవారు కాగితము చేతబట్టుకొని, 'కొలెస్టరాలు ఎక్కువగా నున్నదట' అని చెప్పుకొనుచున్నారు. ఆ కొలెస్టరాలును తగ్గించుటకై 2015 వ సంవత్సరమున వాడుకలోనికి వచ్చిన ఒక క్రొత్తజాతి సూదిమందును గూర్చి నేడు ప్రసంగింపదలచితిని. ఈ మందు పుట్టిన విధము నాకు మిక్కిలి వింతగా తోచినది. వైద్యులు సాధారణముగా రోగులను పరీక్షించి మందులు కనిపెట్టుదురు. ఈ మందునకు త్రోవ చూపినవారిలో రోగులు కొందరుండగా, ఏ రోగమును లేక హాయిగా తిరుగుచుండిన ఆరోగ్యవంతులు కొందరు.

మొదట కొలెస్టరాలును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. అది మైనము వంటి పదార్థము. విషము కాదు. మన దేహమునందలి ప్రతి కణము యొక్క గోడకును అది కావలయును. ఆహారమును జీర్ణము చేయు పైత్యరసము దానితోనే తయారగును. అందుచేత దేహము ఇది మనము తినుదానిమీద మాత్రమే ఆధారపడక, తనకు కావలసినదానిలో అధికభాగమును తానే చేసికొనును. 'నెయ్యి మానివేసితిని, గుడ్డు మానివేసితిని, అయినను తగ్గలేదేమి?' అని నన్నడిగినవారు పలువురు కలరు. జవాబిదియే. పథ్యము మంచిదే, చేయదగినదే. కాని లోపలి ఉత్పత్తి మన పథ్యమును లెక్కచేయదు.

నూనె నీటిలో కరగనట్లే కొలెస్టరాలు రక్తములో కరగదు. కావున దేహము దానిని చిన్న చిన్న మూటలుగా కట్టి రక్తప్రవాహములో పంపును. ఆ మూటలలో ఒకదానికి ఎల్.డి.ఎల్. అని పేరు. మీ పరీక్ష కాగితములో ఈ మూడక్షరముల కెదురుగా నుండు అంకెయే ముఖ్యమైనది. ఈ మూటలు రక్తములో హెచ్చుగా, చిరకాలము తిరుగుచుండిన, రక్తనాళముల గోడలలో చేరి అచ్చటనే నిలిచిపోవును. కాలువలో ఒండ్రు పేరుకొన్నట్లు ఏండ్ల తరబడి పేరుకొని, ఒకనాడు ఆ పేరుకొన్న మట్టి పగులును; దానిపై నెత్తురు గడ్డకట్టి దారి మూసికొనిపోవును. అదియే గుండెపోటు. రష్యాదేశమున అనిచ్కోవ్ అను పండితుడు 1913 లోనే కుందేళ్లకు కొలెస్టరాలు తినిపించి, వాని రక్తనాళములు ఇట్లే పూడుటను చూపెను. అయినను ఆ మాటను లోకము నమ్ముటకు చాల కాలము పట్టినది.

మరి ఈ మూటలను రక్తము నుండి తీసివేయువారెవరు? కాలేయము. అమెరికాలోని డల్లాసు నగరమున బ్రౌను, గోల్డుస్టీను అను ఇద్దరు వైద్యులు 1970 తరువాతి సంవత్సరములలో ఈ రహస్యమును కనుగొనిరి. కాలేయకణముల మీద కొన్ని గ్రాహకములు కలవు. వానిని రేవునందలి పడవలుగా భావింపుడు. పడవ రేవునకు వచ్చును, ఒక మూటను ఎక్కించుకొనును, కణము లోపలికి పోయి మూటను దించును, మరల ఖాళీగా రేవునకు వచ్చును. ఒక రాకపోకకు సుమారు పది నిమిషములు. ఒక్కొక్క పడవ తన జీవితకాలములో నూరుకు పైబడి ప్రయాణములు చేయును. పుట్టుకతోనే ఈ పడవలు తక్కువగా నున్నవారికి ఎల్.డి.ఎల్. బాల్యమునుండియు ఎక్కువగా నుండును. బొత్తిగా లేని పిల్లలకు పదేండ్లకే గుండెజబ్బు వచ్చుటయు కలదు. ఈ పరిశోధనకై ఆ యిరువురకును 1985 లో నోబెలు బహుమానము లభించినది.

ఇదే కాలమున జపానుదేశమున అకిరా ఎండో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది బూజులను పరీక్షించి, కొలెస్టరాలు తయారగుటను ఆపు పదార్థమొకటి వానిలో దొరకునా యని వెదకుచుండెను. 1973 లో దొరకినది. ఆ బూజు మొదట క్యోటో నగరములో ఒక ధాన్యపు దుకాణములోని బియ్యమునుండి తీసినదట! బియ్యమునకు బూజు పట్టినచో పారవేయుటయే మనకు తెలిసినది. ఆ త్రోవనే స్టాటిన్లు అను మాత్రలు వచ్చినవి. వానిలో మొదటిది 1987 లో అమెరికాలో అమ్మకమునకు అనుమతి పొందినది. కాలేయము తన స్వంత ఉత్పత్తి తగ్గగానే కొలెస్టరాలు చాలక, రేవులో పడవల సంఖ్యను పెంచును. రక్తము శుభ్రపడును. నేడు మన దేశమున గుండెజబ్బువారు వాడు మాత్రలివియే. హైదరాబాదు పరిసరముల కార్ఖానాలలోనే ఇవి పెద్దయెత్తున తయారగుచున్నవి. వెల స్వల్పము.

అయితే ఈ మాత్రలకొక చిత్రమైన హద్దు కలదు. మోతాదును రెట్టింపు చేసినచో ఫలము రెట్టింపు కావలెను గదా! కాదు. మరి నూటికి ఆరు పాళ్లు మాత్రమే అదనముగా తగ్గును. మరల రెట్టింపు చేసిన, మరల ఆరే. ఎవరో లోపల నుండి వెనుకకు లాగుచున్నట్లుండును. ఆ లాగువాడెవడో 2003 వరకు ఎవరికిని తెలియదు.

ఆ సంవత్సరమున కెనడాలోని మాంట్రియలు నగరమున నబీల్ సైదా అను శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త మాంసకృత్తును కనుగొనెను. వైద్యులు ప్రోటీను అనునది ఇదే. దానికి పి.సి.యస్.కె. 9 అని పేరిడిరి. ఒక కుటుంబమునకు చెందిన తొమ్మిది మాంసకృత్తులలో ఇది తొమ్మిదవది గావున, మన సౌకర్యముకొఱకు నేను దీనిని తొమ్మిదవ మాంసకృత్తు అని పిలిచెదను. అదే సమయమున పారిసు నగరమున కేథరిన్ బ్వాలో, మరియాన్ అబిఫాదెల్ అను ఇద్దరు స్త్రీలు, తరతరములుగా కొలెస్టరాలు అధికముగానుండి గుండెజబ్బులకు గురియగుచున్న కొన్ని ఫ్రెంచి కుటుంబములను పరిశోధించుచుండిరి. ఆ కుటుంబములవారి పడవలలో దోషము లేదు. దోషమెక్కడనో వేఱుచోట నున్నది. వెదకి చూడగా, ఈ తొమ్మిదవ మాంసకృత్తును చేయు జన్యువులోనే మార్పు కనబడినది. ఇరువురి పనియు కలిసినది.

ఈ మాంసకృత్తు చేయుపని ఏమనగా, కాలేయమునుండి పుట్టి, రక్తములోనికి వచ్చి, రేవుననున్న పడవకు అంటుకొనును. ఆ పడవ లోపలికి పోయిన పిమ్మట తిరిగి రాదు. సరకుతోపాటు పడవను గూడ కణము లోపల ముక్కలు చేసి కరగించివేయుదురు. నూరుసార్లు తిరుగవలసిన పడవ ఒక్క ప్రయాణముతో ముగియును. ఆ ఫ్రెంచి కుటుంబములలో ఈ మాంసకృత్తు మితిమీరి పనిచేయుచుండెను, పడవలు నశించెను, మూటలు రక్తములోనే మిగిలెను. స్టాటిన్ల హద్దునకు కారణము గూడ ఇచ్చటనే దొరకినది. ఏ మీట నొక్కగా కాలేయము పడవలను పెంచునో, ఆ మీటయే తొమ్మిదవ మాంసకృత్తును గూడ పెంచును. ఒక చేత నిచ్చి వేఱొక చేత లాగికొనుట యన్నమాట.

ఇంతవరకు రోగుల సంగతి. ఇప్పుడు ఆరోగ్యవంతుల సంగతికి వచ్చుచున్నాను. డల్లాసులోనే హెలెన్ హాబ్సు, జొనాథన్ కోహెన్ అను ఇరువురు ప్రశ్నను తిరుగవేసిరి. ఈ మాంసకృత్తు ఎక్కువైన కీడు కలిగినచో, పుట్టుకతో అది కొరవడినవారు ఎట్లుందురు? అట్టివారు లోకములో నున్నారా? ఉన్నచో వారు ఆసుపత్రికి రారు గదా. వారిని ఎట్లు పట్టుకొనుట? అదృష్టవశమున ఆ నగరమున వేలకొలది సామాన్యప్రజల రక్తమును పరీక్షించి భద్రపరచిన ఒక పెద్ద పరిశీలన జరిగియుండెను. వారిలో ఎల్.డి.ఎల్. మిక్కిలి తక్కువగా నున్నవారి జన్యువులను చదువగా, నల్లజాతివారిలో నూటికి ఇద్దరి వద్ద ఈ మాంసకృత్తు జన్యువొకటి పనిచేయకున్నట్లు 2005 లో తేలినది. వారి ఎల్.డి.ఎల్. ఇతరులకంటె నూటికి నలువది పాళ్లు తక్కువ.

మఱుసటి సంవత్సరము వారు ఇంకొక పరిశీలనను చూచిరి. అందులో ప్రజలను పదునైదేండ్లపాటు గమనించియుండిరి. ఆ జన్యువు చెడిన నల్లజాతివారికి ఎల్.డి.ఎల్. నూటికి 28 పాళ్లు తక్కువ. గుండెజబ్బు మాత్రము నూటికి 88 పాళ్లు తక్కువ! వీరిలో చాలమందికి రక్తపోటును, పొగత్రాగు అలవాటును, చక్కెరవ్యాధియు లేకపోలేదు. అవియన్నియు ఉండియు గుండె నిలిచినది. ఈ అంకెను చదివినపుడు నేను ఒకటికి రెండుసార్లు చూచుకొంటిని. తరువాత ఆ పరిశోధకులకే, తల్లివైపుది తండ్రివైపుది గూడ, రెండు జన్యువులును పనిచేయని ఒక స్త్రీ కనబడినది. వయస్సు ముప్పది రెండు. మనవంటి వారికి నూరు, నూట ముప్పది యుండు ఎల్.డి.ఎల్. ఆమెకు 14 మాత్రమే. చదువుకొన్నది, సంతానవతి, ఇతరులకు వ్యాయామము నేర్పి జీవించుచున్నది. జింబాబ్వే దేశమున ఇంకొక యువతికి 15. ఈ ఇద్దరును ఏ మందును వేసికొనకయే ఆరోగ్యముగా నుండిరి.

దీని విలువ యేమో కొంచెము ఆలోచింపుడు. ఏ క్రొత్త మందునకైనను మొదటి భయము ఒకటే: దేహములోని ఒక పనిని ఆపినచో ఇంకేమి చెడునో? మెదడు చెడునా? సంతానము కలుగదా? దీనిని ఎలుకలమీద పరీక్షించి ఊహింపవలసియుండును. ఇచ్చట ప్రకృతియే ఆ పరీక్షను మనుష్యులమీద, పుట్టుకనుండి, ముందుగానే జరిపియుంచినది. తొమ్మిదవ మాంసకృత్తు లేకున్నను మనిషి బ్రదుకును, చదువును, బిడ్డలను కనును. కంపెనీలు కోట్ల ధనమును దీనిపై వెచ్చించుటకు వెనుదీయకపోవుటకు కారణమిదియే.

ఇక ఆ మాంసకృత్తును ఆపుట యెట్లు? అది రక్తములో తిరుగునపుడే పట్టుకొనవలెను. దానికై ప్రతిరక్షకములను ఎన్నుకొనిరి. వైద్యులు యాంటీబాడీ అందురు. ఇది మనకు తెలియని వస్తువు కాదు. పాము కరచినపుడు ఆసుపత్రిలో నెక్కించు విషహరమైన మందు ఇదే జాతికి చెందినది. గుఱ్ఱమునకు పాము విషమును కొద్దికొద్దిగా నిచ్చిన, దాని దేహము ఆ విషమును పట్టి నిర్వీర్యము చేయు ప్రతిరక్షకములను తయారుచేయును. ఆ గుఱ్ఱపు రక్తమునుండి తీసినదే మందు. ప్రతిరక్షకము పంగలకఱ్ఱ ఆకారముగల మాంసకృత్తు. ఆ రెండు కొసలును తాము పట్టవలసిన దానికే సరిగా సరిపోవును, వేఱొకదానిని ముట్టవు.

గుఱ్ఱపు మందులో రెండు చిక్కులు కలవు. అందు పలు తెఱగుల ప్రతిరక్షకములు కలగలుపుగా నుండును. మఱియు అది గుఱ్ఱపుది గావున మన దేహము దానిని పరాయిదానినిగా నెంచి తిరుగబడును. దద్దుర్లు, జ్వరము, ఒక్కొకప్పుడు ప్రాణాపాయము గూడ కలుగును. పాము కరచినపుడు ఒకసారికి దానిని సహింపవచ్చును. జీవితమంతయు వాడవలసిన మందునకు అది పనికిరాదు.

మొదటి చిక్కును 1975 లో కేంబ్రిడ్జిలో కోలరు, మిల్‌స్టీను అను ఇరువురు విప్పిరి. ప్రతిరక్షకమును చేయు చుంచెలుక కణమును, చావులేక పెరుగు పుట్టకుఱుపు కణముతో కలిపి ఒకటి చేసిరి. ఆ జంటకణము నశింపక, ఒకే తెఱగు ప్రతిరక్షకమును ఎంత కావలసిన అంత తయారుచేయును. ఈ పనికి వారికి 1984 లో నోబెలు బహుమానము వచ్చినది. వారు దీనికి పేటెంటు తీసికొనలేదు. ఆ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనుడు, తరువాత ఇంకొక పేటెంటు కథ చెప్పవలసియున్నది.

రెండవ చిక్కు తీరుటకు ఇంకను ఇరువది యేండ్లు పట్టినది. చుంచెలుక జన్యువులలో ప్రతిరక్షకములను చేయు భాగమును తొలగించి, ఆ స్థానమున మనుష్య జన్యువులను నాటిరి. అట్టి ఎలుకకు తొమ్మిదవ మాంసకృత్తును ఎక్కించినచో, అది చేయు ప్రతిరక్షకము అచ్చముగా మనుష్యునిదే. దానిలో మేలైనదానిని ఏరి, ఆ జన్యువును చీనాదేశపు హామ్‌స్టరు అను చిన్న జంతువు కణములలో చేర్చి, పెద్ద పెద్ద ఉక్కు గంగాళములలో పెంచెదరు. పిండి పులియబెట్టినట్లే యనుకొనవచ్చును గాని, దీనికి కావలసిన శుచి, జాగ్రత్త వేఱు. పిమ్మట వడియగట్టి శుద్ధిచేసి సీసాలలో నింపెదరు. ఇది మాంసకృత్తు గావున నోటితో మ్రింగిన కడుపులో పప్పువలె జీర్ణమైపోవును. అందుచేత చర్మము క్రింద సూదితో ఇచ్చుట తప్పదు.

2012 నాటికి మనుష్యులపై జరిగిన తొలి పరీక్షల ఫలితములు వెలువడినవి. 2015 జులై, ఆగస్టు నెలలలో రెండు మందులకు అమెరికాలో అనుమతి లభించినది. ఒకటి అలిరోక్యుమాబ్, రెండవది ఎవోలోక్యుమాబ్. ఈ పేర్లు నోరు తిరుగనివే. అయినను వాని తోకలో అర్థము కలదు. 'మాబ్' అను చివర గలవన్నియు ఈ జాతి ప్రతిరక్షకములే. దాని ముందు 'ఉ' కారముండిన అది అచ్చముగా మనుష్యునిది. 'జుమాబ్' అని యుండిన కొంత ఎలుకభాగము మిగిలియున్నదని గుర్తు. ఈ చిన్న భేదము ఎంత పనిచేసినదో చూడుడు. ఫైజరు అను మహాసంస్థ బొకోసిజుమాబ్ అను మూడవ మందును తయారుచేసి వేలమందిపై పరీక్షించుచుండెను. మొదట బాగుగనే పనిచేసినది. కాని కొందఱి దేహములు ఆ మిగిలిన కొద్ది ఎలుకభాగమును గుర్తుపట్టి దానిపై తమ ప్రతిరక్షకములను పంపినవి. నెలలు గడచినకొలది మందు పట్టు సడలినది. 2016 నవంబరులో ఆ సంస్థ దానిని విడిచివేసినది.

ఎల్.డి.ఎల్. తగ్గుట వేఱు, గుండెపోటు తగ్గుట వేఱు. అంకె తగ్గినంతమాత్రమున ఆయువు పెరిగినదని నమ్మరాదు. కావున ఎవోలోక్యుమాబును 27,564 మందిపై పరీక్షించి 2017 లో ఫలితము ప్రకటించిరి. వారందరును మునుపే గుండె లేక రక్తనాళముల జబ్బు పడి స్టాటిన్లు వాడుచున్నవారు. సగమువారికి మందు, సగమువారికి ఉత్తసూది. మందు పొందినవారి ఎల్.డి.ఎల్. 92 నుండి 30 కి దిగినది. సుమారు రెండేండ్ల రెండు నెలల కాలములో, ఉత్తసూదివారిలో వేయింట 113 మందికి గుండెపోటు, పక్షవాతము మొదలగు ఆపదలు రాగా, మందువారిలో 98 మందికి వచ్చినవి. అలిరోక్యుమాబు ఫలితములు మఱుసటి సంవత్సరము ఇంచుమించు ఇట్లే వచ్చినవి.

ఈ అంకెలు విని కొందఱు పెదవి విఱచిరి. పుట్టుకతో తక్కువగానున్న ఆ నల్లజాతివారికి నూటికి 88 పాళ్లు మేలు కలుగగా, మందుతో ఇంకను హెచ్చుగా తగ్గించినను నూటికి 15 పాళ్లేనా యనిరి. నా అభిప్రాయములో ఇది న్యాయమైన పోలిక కాదు. మొదటినుండియు ఒండ్రు పేరుకొనని కాలువ ఒకటి. అరువదేండ్లు పూడిన పిమ్మట రెండేండ్లు పూడిక తీసిన కాలువ ఇంకొకటి. రెండును ఒకటే యెట్లగును? అయితే ఉన్నమాట దాచరాదు గనుక చెప్పుచున్నాను: ఎవోలోక్యుమాబు పరీక్షలో, ఆ స్వల్పకాలమున, మరణములు తగ్గలేదు. తగ్గినవి గుండెపోట్లు, పక్షవాతములు, రక్తనాళములను తెఱిపించు చికిత్సలు.

జ్ఞాపకశక్తి తగ్గునేమో యను సంశయము పెద్దలకు సహజము. మెదడులో కొలెస్టరాలు విస్తారముగా నుండుటచే వైద్యులకును అది కలిగినది. ఆ 27 వేలలో 1,204 మందికి జ్ఞాపకము, తెలివి ప్రత్యేకముగా పరీక్షించి చూచిరి. భేదము కనబడలేదు. మెదడు తనకు కావలసిన కొలెస్టరాలును తానే చేసికొనును. రక్తములోని మూటలకై చూడదు. ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో కొందరిని ఎనిమిదేండ్లకు పైగా గమనించి 2022 లో ప్రకటించిన ఫలితములలోను క్రొత్త కీడు బయటపడలేదు. సూది గుచ్చినచోట ఎఱ్ఱబడుట, నొప్పి కొందఱికి కలుగుచున్నవి.

ఇక వెల. మొదట అమెరికాలో ఏడాదికి 14,000 డాలర్లకు పైగా వేసిరి. భీమాసంస్థలు చెల్లింపమని మొండికెత్తినవి. వైద్యుడు వ్రాసియిచ్చినను చీటి తిరిగివచ్చినవారెందఱో. 2018 అక్టోబరులో ఎవోలోక్యుమాబు వెలను 5,850 డాలర్లకు దింపిరి. ఈ మధ్యలో రెండు మందుల సంస్థలును పేటెంటుకై న్యాయస్థానములకెక్కినవి. ఎవోలోక్యుమాబు చేయు ఆమ్‌జెన్ సంస్థ 26 ప్రతిరక్షకములను వివరముగా చూపి, తొమ్మిదవ మాంసకృత్తును అట్లు పట్టి ఆపు ప్రతిరక్షకములన్నియు తనవేయని వాదించెను. 2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరును ఏకగ్రీవముగా ఆ వాదమును త్రోసివేసిరి. చెఱువులో నాలుగు చేపలు పట్టి చూపి, ఇక చెఱువంతయు నాదే యనినట్లున్నదని నాకు తోచినది.

మన దేశమునను ఈ సూదిమందు దొరకుచున్నది గాని సామాన్య గృహస్థునకు అందుబాటులో లేదు. రెండు వారముల కొకసారి, లేక మోతాదు పెంచి నెలకొకసారి, పొట్టమీదనో తొడమీదనో వేసికొనవలెను. వేసికొనువరకు శీతలపెట్టెలో నుంచవలెను. కావున ఎవరికిది అవసరమో తెలిసికొనుట ముఖ్యము. అంకె కొంచెము ఎక్కువగా నున్నంతమాత్రమున దీనికొఱకు పొలము తాకట్టు పెట్టనక్కరలేదు. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఎల్.డి.ఎల్. 70 కి, వీలైనచో 55 కి లోపల ఉండవలెనని నేటి వైద్యులు చెప్పుదురు. దానికి మొదట స్టాటిను. చాలనిచో ఎజెటిమైబ్ అను ఇంకొక చౌకమాత్ర, ఇది ప్రేగులు కొలెస్టరాలును పీల్చుకొనుటను తగ్గించును. ఈ రెంటితోనే చాలమందికి పని జరుగును. మానకుండ వేసికొనుటయే కష్టము. నెలరోజులు వేసికొని, ఒంట్లో బాగున్నదని మానివేయువారినే నేను ఎక్కువగా చూచితిని. ఆ రెండు మాత్రలును పూర్తిగా వాడినను అంకె దిగనివారికిని, మాత్రలు బొత్తిగా పడనివారికిని ఈ సూది. 2020 చివర ఐరోపాలోను, మఱుసటి ఏడు అమెరికాలోను ఇంక్లిసిరాన్ అను వేఱొక సూదిమందునకు అనుమతి వచ్చినది. అది ప్రతిరక్షకము కాదు. కాలేయములో తొమ్మిదవ మాంసకృత్తు పుట్టుటనే తగ్గించును. మొదటి మూడు నెలలలో రెండుసార్లు వేసిన పిమ్మట, ఆరు నెలలకొకసారి చాలును.

పల్లె పెద్దలు ప్రత్యేకముగా గమనింపవలసిన కుటుంబములు కొన్ని కలవు. 'ఆ ఇంటి మగవాళ్లు నలుబది దాటరు' అని ఊరివారు చెప్పుకొను వంశములుండును. శాపమనియు, దృష్టియనియు అందురు. వానిలో కొన్నింటికి కారణము పడవల జన్యువులోని దోషము కావచ్చును. ఇట్టి దోషము లోకములో సుమారు 250 మందికి ఒకరికి కలదు. చిన్నవయస్సుననే కంటి నల్లగ్రుడ్డు చుట్టును తెల్లని వలయము, మడమవెనుక నరముమీద గాని చేతి కణుపులమీద గాని గట్టి బుడిపెలు కనబడుట దీనికి గుర్తులు. ఆ ఇంటి బిడ్డలకు, పైకి ఏమియు లేకున్నను, రక్తపరీక్ష చేయింపవలెను. దోషముగల తల్లి లేక తండ్రి బిడ్డలలో సగమువంతుకు అది సంక్రమించును. చిన్ననాడే తెలిసినచో మాత్రలతో వారి ఆయువు నిలుపవచ్చును.

మనలో మేనరికములు హెచ్చు గావున ఇంకొక మాట చెప్పవలెను. ఒకే వంశమునుండి వచ్చిన దంపతులిద్దరికిని ఆ దోషమే యుండిన, నలుగురు బిడ్డలలో ఒకరికి రెండు జన్యువులును చెడియుండు అవకాశము కలదు. అట్టి బిడ్డకు ఎల్.డి.ఎల్. నాలుగైదు వందలు దాటును. వారిలో పడవలు బొత్తిగా లేనివారికి నేను ఇంతవరకు చెప్పిన సూదిమందులు పనిచేయవు. పడవలను కాపాడు మందు, పడవయే లేనిచోట ఏమి చేయగలదు? వీరికి యంత్రముతో రక్తమును వడకట్టి ఎల్.డి.ఎల్. తీసివేయుటయే చాలకాలము దిక్కుగా నుండెను. ఇచ్చటను మరల ఆరోగ్యవంతులే త్రోవ చూపిరి. అమెరికాలో ఒక కుటుంబమున కొందఱికి రక్తములోని క్రొవ్వులన్నియు మిక్కిలి తక్కువగా నుండుటకు, ఆంజిపిటిఎల్ 3 అను వేఱొక మాంసకృత్తు పనిచేయకపోవుటయే కారణమని 2010 లో తెలిసినది. దానిని పట్టి ఆపు ఎవినాక్యుమాబ్ అను ప్రతిరక్షకము పడవలు లేకున్నను పనిచేయును. మాత్రలు, సూదులు అన్నియు వాడుచున్న ఇట్టి రోగులలోనే దానిని పరీక్షింపగా ఎల్.డి.ఎల్. ఇంచుమించు సగమునకు తగ్గినది. నాలుగు వారములకొకసారి నరములోనికి బొట్లుబొట్లుగా ఎక్కింతురు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో పండ్రెండేండ్లు నిండినవారికి, 2023 లో అయిదేండ్ల పిల్లలకును దీనిని అనుమతించిరి.